సోడియానికి కోరిక ఉండదు

గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంటి వసారాలో సాయంత్రాలు నలుగురైదుగురు ఇంటర్మీడియట్ పిల్లలకు రసాయనశాస్త్రం చెబుతుంటాను. డిసెంబరు చివరి వారంలో, సంక్రాంతికి ముందు ప్రహరీ గోడకు వెల్ల వేయించడానికని పెరట్లో సున్నం బస్తా దింపించిన రోజున, మొదటి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి రసాయన బంధం పాఠం మధ్యలో నన్ను ఆపి, "మేడమ్, సోడియానికి ఎలక్ట్రాన్ ఇచ్చేయాలని ఎందుకు ఉంటుంది?" అని అడిగింది. చివరి కర్పరంలో, అంటే కేంద్రకం చుట్టూ ఎలక్ట్రాన్లుండే పొరల్లో అన్నిటికన్నా బయటిదానిలో, ఎనిమిది ఎలక్ట్రాన్లుంటే స్థిరత్వం వస్తుంది కాబట్టి అని, ఎన్నో ఏళ్లుగా చెబుతున్న జవాబే చెప్పాను. "ఎనిమిది ఉన్నాయని దానికెలా తెలుస్తుంది మేడమ్? ఎనిమిదైతే దానికేం ఒరుగుతుంది?" అంది.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఎనిమిది గురించిన ఈ అష్టక నియమం అనేది ఎందరో రసాయన శాస్త్రజ్ఞులు గమనించిన విషయాన్ని ఒక్క మాటలో గుర్తుపెట్టుకోవడానికి పనికొచ్చే సూత్రమే తప్ప, పరమాణువులు ఎందుకు కలుస్తాయన్న ప్రశ్నకు అది కారణం కాదు. కారణంగా చెప్పినప్పుడల్లా మనం తెలియకుండానే పరమాణువుకు ఒక మనసును, ఒక కోరికను అంటగడుతున్నాం. పిల్లలు ఆ కోరికనే కంఠస్థం చేసి పరీక్ష రాస్తున్నారు. మరునాడు ఆ అమ్మాయికి నేను చెప్పిన జవాబును, అప్పుడు తొందరలో వదిలేసిన లెక్కలతో సహా, ఇక్కడ రాస్తున్నాను.

ముందు సోడియం సంగతి. వాయుస్థితిలో విడివిడిగా ఉన్న ఒక మోల్ (కణాలను లెక్కపెట్టడానికి వాడే ఒక నిర్ణీతమైన పెద్ద సంఖ్య) సోడియం పరమాణువుల నుంచి ఒక్కొక్క ఎలక్ట్రాన్‌ను తీయడానికి 496 కిలోజౌళ్ల శక్తి ఖర్చవుతుంది. అంటే సోడియం తన ఎలక్ట్రాన్‌ను ఎవరికీ సంతోషంగా ఇవ్వదు, దాని దగ్గర నుంచి లాక్కోవలసిందే. ఆ ఎలక్ట్రాన్లను ఒక మోల్ క్లోరిన్ పరమాణువులు చేర్చుకున్నప్పుడు వెలువడేది 349 కిలోజౌళ్లు మాత్రమే. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే 147 కిలోజౌళ్ల లోటు కనిపిస్తుంది. కాబట్టి ఒక సోడియం పరమాణువు, ఒక క్లోరిన్ పరమాణువు చాలా దూరంగా ఉన్నంతసేపు, "అష్టకం నిండుతుంది" అన్న ఆశ ఎంత చూపించినా ఎలక్ట్రాన్ చేతులు మారదు.

మరి మారేది ఎప్పుడు? ఆ రెండూ దగ్గరికి వచ్చినప్పుడు. ఎలక్ట్రాన్ కోల్పోయి ధనావేశం పొందిన సోడియం అయాన్, దాన్ని చేర్చుకుని రుణావేశం పొందిన క్లోరైడ్ అయాన్ ఒకదానినొకటి ఆకర్షించుకుంటాయి, దూరం తగ్గేకొద్దీ ఆ ఆకర్షణ వల్ల తగ్గే శక్తి పెరుగుతూ పోతుంది. కూలుంబ్ సూత్రంతో లెక్క వేస్తే, దూరం దాదాపు తొమ్మిదిన్నర ఆంగ్‌స్ట్రాంలకు చేరేసరికి ఈ ఆకర్షణ సరిగ్గా ఆ 147 కిలోజౌళ్ల లోటును పూడ్చేస్తుంది. ఆంగ్‌స్ట్రాం అంటే మీటరులో వెయ్యి కోట్ల వంతు. అంతకంటే దగ్గరైతే ఎలక్ట్రాన్ క్లోరిన్ వైపు ఉన్న ఏర్పాటుకే శక్తి తక్కువ. ఆ తరువాత ఒక్క జంటతో ఆగకుండా కోట్లాది అయాన్లు ఒకదాని చుట్టూ ఒకటి స్ఫటికంగా పేర్చుకున్నప్పుడు మోల్‌కు 787 కిలోజౌళ్లు వెలువడతాయి. ఉప్పు పుట్టడానికి కారణం ఆ 787లో ఉంది, సోడియం ఉదారతలో లేదు.

"మరి ఒక్క ఎలక్ట్రాన్‌తోనే ఎందుకు ఆగాలి, రెండు పోతే ఆకర్షణ ఇంకా పెరుగుతుంది కదా?" అని పక్కనే కూర్చున్న అబ్బాయి అడిగాడు. ఈ ప్రశ్నకు జవాబు చెబుతున్నప్పుడే ఎనిమిది అనే అంకె అసలు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు కూడా మళ్లీ కొత్తగా కనిపించింది. సోడియం నుంచి మొదటి ఎలక్ట్రాన్‌కు 496 అయితే, రెండో దానికి 4,562 కిలోజౌళ్లు కావాలి. తొమ్మిది రెట్లకు పైగా ఎక్కువ. ఎందుకంటే రెండోది లోపలి కర్పరంలో, కేంద్రకానికి బాగా దగ్గరగా ఉంది, దాన్ని కేంద్రకం ఆవేశం నుంచి మరుగు పరచడానికి మధ్యలో ఉన్న ఎలక్ట్రాన్లు చాలా తక్కువ. ఏ స్ఫటికమూ అంత మూల్యం చెల్లించలేదు. కాల్షియంలో మొదటిదానికి 590, రెండోదానికి 1,145, మూడోదానికి 4,912. అందుకే కాల్షియం రెండు దగ్గర ఆగుతుంది. కర్పరంలో ఎలక్ట్రాన్లు ఉండగల చోట్లను ఆర్బిటాళ్లు అంటారు; ఒక ఎస్ ఆర్బిటాల్, మూడు పి ఆర్బిటాళ్లు, ఒక్కొక్కదానిలో రెండేసి ఎలక్ట్రాన్లు చొప్పున ఎనిమిది నిండాక, తరువాతి ఎలక్ట్రాన్‌కు చోటు చాలా ఎత్తయిన మెట్టు మీద మాత్రమే దొరుకుతుంది. నిండిన మెట్టు నుంచి ఒకదాన్ని బయటికి లాగాలన్నా అంతే కష్టం. ఆ రెండు ఎత్తుల మధ్య ఉన్న తేడాకే మనం "అష్టక స్థిరత్వం" అని పేరు పెట్టుకున్నాం.

1916లో జర్మనీలో వాల్టర్ కోసెల్ అయాన్ల వైపు నుంచి, అమెరికాలో గిల్బర్ట్ లూయిస్ ఎలక్ట్రాన్ జంటల వైపు నుంచి ఈ నియమాన్ని చెప్పేనాటికి క్వాంటం సిద్ధాంతం ఇప్పటి రూపానికి రాలేదు. ఎలక్ట్రాన్లు జంటగా ఎందుకుండాలో లూయిస్‌కు తెలిసే వీలు లేదు, అయినా ఆయన గీసిన చుక్కల బొమ్మలు ఇవాళ్టికీ మన పుస్తకాల్లో నిలిచి ఉన్నాయంటే ఆ చూపు ఎంత గొప్పదో అర్థమవుతుంది. 1927లో హైట్లర్, లండన్ అనే ఇద్దరు యువ శాస్త్రజ్ఞులు హైడ్రోజన్ అణువుకు క్వాంటం యాంత్రికశాస్త్రాన్ని వర్తింపజేసి, బంధం ఎందుకు ఏర్పడుతుందో మొదటిసారి లెక్క కట్టి చూపారు.

ఎలక్ట్రాన్లను పంచుకోవడం వల్ల ఏర్పడే సమయోజనీయ బంధం గురించి చెప్పేటప్పుడు నేను ఇప్పుడు హైడ్రోజన్ అణువుతో మొదలుపెట్టడం లేదు. అంతకంటే సరళమైనది ఒకటుంది. రెండు ప్రోటాన్లు, వాటి మధ్య ఒకే ఒక్క ఎలక్ట్రాన్. హైడ్రోజన్ అణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను తీసేస్తే మిగిలే అయాన్ ఇదే. ఇందులో జంట లేదు, పంచుకోవడం అనడానికి రెండో ఎలక్ట్రాన్ లేదు, నిండిన కర్పరం లేదు. అయినా 1.06 ఆంగ్‌స్ట్రాంల దూరంలో ఆ రెండు ప్రోటాన్లు కలిసే ఉంటాయి, విడదీయాలంటే మోల్‌కు సుమారు 256 కిలోజౌళ్లు కావాలి. ఒకదానినొకటి తోసుకునే రెండు ధనావేశాలను ఒక ఎలక్ట్రాన్ కలిపి ఉంచుతోందంటే, అది ఒక్క కేంద్రకం చుట్టూ కాక రెండింటి ఆకర్షణలోనూ ఉండగలిగింది కాబట్టే. రెండో ఎలక్ట్రాన్ కూడా చేరితే దూరం 0.74కు తగ్గుతుంది, బంధ శక్తి 436కు పెరుగుతుంది. రెండు ఎలక్ట్రాన్లకూ ఒకే ఆర్బిటాల్‌లో, వ్యతిరేక స్పిన్లతో, చోటు ఉంది. జంట గొప్పతనం ఇంతవరకే.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది, దాన్ని దాటేయడం నాకు ఇష్టం లేదు. ఎలక్ట్రాన్‌ను ఇరుకు చోటులో ఉంచితే దాని గతిజ శక్తి పెరుగుతుంది. అందుకే అది కేంద్రకంలోకి పడిపోదు. బంధం ఏర్పడినప్పుడు స్థితిజ శక్తి ఎంత తగ్గుతుందో అందులో సరిగ్గా సగం గతిజ శక్తి పెరుగుదలకే పోతుంది, మిగిలిన సగమే మనకు బంధ శక్తిగా కనబడుతుంది. ఇంకా దగ్గరికి జరిపితే గతిజ శక్తి, ప్రోటాన్ల వికర్షణ రెండూ గెలుస్తాయి. బంధ దైర్ఘ్యం అంటే ఈ లాగుడు, తోపుడు సరితూగే చోటు. హీలియం పరమాణువులు రెండు కలిస్తే నాలుగు ఎలక్ట్రాన్లు అవుతాయి. మొదటి రెండు కింది ఆర్బిటాల్‌లో సర్దుకుంటాయి కాని, ఒక ఆర్బిటాల్‌లో రెండు ఎలక్ట్రాన్లకు మించి ఉండలేవని 1925లో పౌలీ చెప్పిన నియమం ప్రకారం మిగిలిన రెండూ పై ఆర్బిటాల్‌కు వెళ్లవలసిందే, అక్కడ పెరిగే శక్తి కింద తగ్గిన శక్తి కంటే కాస్త ఎక్కువ. హీలియం "సంతృప్తి"గా ఉండటం వల్ల కాదు, ఈ లెక్క కుదరకపోవడం వల్ల అది బంధాలు కట్టదు.

లెక్క కుదిరితే హీలియంలా చర్యలకు దూరంగా ఉండే జడవాయువు కూడా చర్యలో పాల్గొంటుందనడానికి 1962లో నీల్ బార్ట్‌లెట్ చేసిన ప్రయోగమే సాక్ష్యం. ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ ఆక్సిజన్ అణువు నుంచి ఎలక్ట్రాన్ లాగేయగలదని ఆయనకు అప్పటికే తెలుసు. ఆక్సిజన్ అణువు అయనీకరణ శక్తి, అంటే ఒక ఎలక్ట్రాన్‌ను లాగడానికి కావలసిన శక్తి, 1,175 కిలోజౌళ్లు, జినాన్ అనే జడవాయువుది 1,170. అయితే జినాన్ నుంచి మాత్రం ఎందుకు లాగలేదు అని ఆయన ప్రశ్నించుకున్నారు. రెండు వాయువులనూ కలపగానే నారింజ, పసుపు కలిసిన రంగులో ఘనపదార్థం ఏర్పడింది. రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసిన ఆ చూపు నాకు ఎప్పుడు తలచుకున్నా ఆనందం కలిగిస్తుంది.

శక్తి తగ్గుతుంది సరే, తగ్గిన శక్తి ఎక్కడికి పోతుంది? ఈ ప్రశ్న మన పాఠ్యపుస్తకాల్లో దాదాపు కనబడదు, నా దృష్టిలో అసలు విషయం ఇదే. పిల్లల ముందు ఒక ఇత్తడి గిన్నె పెట్టి అంచు నుంచి గోళీ వదిలాను. అది అడుగుకు జారి అక్కడే ఆగలేదు, ఎదుటి అంచు వైపు ఎక్కింది, మళ్లీ దిగింది, రాపిడికి కొంచెం కొంచెంగా శక్తి కోల్పోతూ చివరికి అడుగున నిలిచింది. రాపిడే లేకపోతే అది ఎప్పటికీ ఊగుతూనే ఉండేది. శూన్యంలో రెండు హైడ్రోజన్ పరమాణువులు ఢీకొంటే జరిగేదీ అదే. వచ్చిన వేగంతోనే తిరిగి విడిపోతాయి. అదే క్షణంలో మూడో కణమో, ఏదైనా ఒక ఉపరితలమో అక్కడుండి అదనపు శక్తిని తీసుకుపోతేనే అవి కలిసి ఉండగలవు. ఆ శక్తి చుట్టుపక్కల లెక్కలేనన్ని కణాల మధ్య వేడిగా చెదిరిపోతుంది. చెదిరినది తనంతట తానుగా ఒకచోటికి పోగై తిరిగి ఆ బంధాన్ని తెంచే అవకాశం దాదాపు లేదు. బంధం నిలవడానికి కారణం ఆ చెదిరిపోవడమే.

సున్నం దగ్గరికి వస్తాను. పల్నాడులో పిడుగురాళ్ల పేరు చెబితే సున్నపు బట్టీలే గుర్తొస్తాయి, మా ఇంటికి వచ్చిన బస్తా కూడా అటువైపుదే. బట్టీలో సున్నపురాయిని కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి పొడి సున్నం, అంటే కాల్షియం ఆక్సైడ్ మిగులుతుంది. మోల్‌కు 178 కిలోజౌళ్ల వేడి అక్కడ లోపలికి వెళుతుంది. మరునాడు ఉదయం వెల్ల వేసే పెద్దాయన పాత ఇనుప డ్రమ్ములో నీళ్లు పోసి, తెల్లటి గడ్డలను ఒక్కొక్కటిగా వదిలారు. కొన్ని క్షణాలు ఏమీ జరగలేదు. తరువాత గడ్డ అంచున సన్నని పగులు, దాని నుంచి బుడగలు, ఆ వెంటనే గడ్డంతా విచ్చుకుని పిండిలా రాలిపోవడం, నీళ్లు కుతకుత ఉడకడం మొదలైంది. ఆవిరితో పాటు తడిమట్టి వాసనలాంటి ఒక ఘాటు వచ్చింది. "దూరంగా ఉండండమ్మా, కంట్లో చింది పడితే చూపు పోద్ది" అని పిల్లలను వెనక్కి పంపారాయన.

ఆ డ్రమ్ములో జరిగింది ఇది. కాల్షియం ఆక్సైడ్‌లోని ఆక్సిజన్‌కు రెండు రుణావేశాలున్నాయి. నిజానికి ఒంటరి ఆక్సిజన్ పరమాణువు రెండో ఎలక్ట్రాన్‌ను నిలుపుకోలేదు, శూన్యంలో ఉంచితే దాన్ని వదిలేస్తుంది. చుట్టూ కాల్షియం అయాన్లు మోహరించి మోల్‌కు సుమారు 3,400 కిలోజౌళ్ల జాలక శక్తిని, అంటే అయాన్లు స్ఫటికంగా పేర్చుకున్నప్పుడు వెలువడే శక్తిని, ఇస్తున్నాయి కాబట్టే ఆ రెండో ఎలక్ట్రాన్ అక్కడుంది. పుస్తకంలో "ఆక్సిజన్‌కు రెండు ఎలక్ట్రాన్లు కావాలి" అని చదివినప్పుడు ఈ విషయం గుర్తుంచుకోవాలి. అంత చిన్న అయాన్ మీద కిక్కిరిసిన ఆ రెండు రుణావేశాల దగ్గరికి నీటి అణువు రాగానే, నీటిలోని ఒక ప్రోటాన్ దాని వైపు జరిగిపోతుంది. ఒక ఆక్సైడ్, ఒక నీటి అణువు కలిసి రెండు హైడ్రాక్సైడ్లు అవుతాయి. తెగిన బంధాలకు పోయినదాని కంటే కొత్తవాటి వల్ల వచ్చినది 65 కిలోజౌళ్లు ఎక్కువ. కిలో పొడి సున్నానికి ఇది దాదాపు 1,160 కిలోజౌళ్లు, మూడున్నర లీటర్ల మామూలు నీళ్లను మరుగు దాకా తేవడానికి సరిపోయే వేడి. పెద్దాయన కళ్ల గురించి భయపడింది ఊరికే కాదు.

ఈ సందర్భంలో పిల్లల్లో బాగా పాతుకుపోయిన ఒక పొరపాటు బయటపడింది. బంధం తెగితే శక్తి వస్తుందని వాళ్ల నమ్మకం. "బంధాల్లో దాగి ఉన్న శక్తి" అనే మాట అందుకు కారణం. ఏ బంధం తెంచాలన్నా శక్తి పెట్టాల్సిందే, మినహాయింపు లేదు. విజయవాడలో కొన్ని పేటల్లో ఇళ్లకు గొట్టాల ద్వారా వచ్చే గ్యాస్‌లో అధికభాగం మీథేన్. ఒక మోల్ మీథేన్ మండాలంటే నాలుగు కార్బన్, హైడ్రోజన్ బంధాలు, రెండు ఆక్సిజన్ అణువుల బంధాలు తెగాలి, అందుకు పెట్టుబడి సుమారు 2,650 కిలోజౌళ్లు. కార్బన్ డయాక్సైడ్‌లోను, నీటిలోను కొత్త బంధాలు ఏర్పడితే సుమారు 3,450 వెలువడుతుంది. పొయ్యి మీద అన్నం ఉడికించేది ఆ 800 మిగులు. ఆక్సిజన్ అణువులోని బంధం, 498 కిలోజౌళ్లే కావడంతో, ఏర్పడే బంధాలతో పోలిస్తే బలహీనమైనది కావడం ఇందులో పెద్ద భాగం వహిస్తుంది. మంటకు సగం గొప్పతనం గాలిదే అని నేను పిల్లలకు చెబుతాను.

అయితే మిగులు ఉందని తెలిసినా చర్య వెంటనే మొదలుకాదు. గ్యాస్ తెరిచి వదిలితే గదిలో పరుచుకుంటుంది కాని, నిప్పురవ్వ లేకుండా మండదు. ముందుగా పెట్టాల్సిన పెట్టుబడి, ఉత్తేజన శక్తి, దొరకాలి. గుంటూరు మిరప చేల మీద ఉన్న గాలిలో అయిదింట నాలుగు పాళ్లు నైట్రోజనే అయినా రైతు యూరియా బస్తా కొనుక్కోవాల్సి రావడానికి కారణం, నైట్రోజన్ అణువును తెంచడానికి 945 కిలోజౌళ్లు కావడమే. నైట్రోజన్ నుంచి అమ్మోనియా తయారుచేసే హేబర్ పద్ధతిలో, చర్యను వేగవంతం చేసే ఇనుప ఉత్ప్రేరకం, నాలుగైదు వందల డిగ్రీల వేడి, వందల రెట్ల వాతావరణ పీడనం పెట్టి ఆ పని చేయిస్తారు.

ఆ యూరియాయే నాకు ఇంకో ఉదాహరణ ఇచ్చింది. పిచికారీకి యూరియా కలిపిన వాళ్లెవరైనా చెబుతారు, బకెట్ చల్లబడుతుంది. అక్కడ చుట్టుపక్కల నుంచి వేడి లోపలికి పోతున్నా మార్పు తనంతట తానే సాగుతోంది. శక్తి తగ్గడం ఒక్కటే కారణమని నేను చెప్పి ఊరుకుంటే ఇది అబద్ధమని తేలిపోయేది. స్ఫటికంలో వరుసగా కట్టుబడి ఉన్న అణువులు నీళ్లంతటా చెదిరిపోగలగడం, అంటే ఎంట్రోపీ పెరగడం, ఆ వేడి ఖర్చును మించిపోతుంది. గోళీ కథలో వేడి చెదిరిపోతే, ఇక్కడ అణువులే చెదిరిపోతున్నాయి. రెండూ ఒకే నియమం. పిడుగురాళ్ల బట్టీలో జరిగేదీ ఇదే. మామూలు ఉష్ణోగ్రతలో సున్నపురాయి వందల ఏళ్లు చెక్కుచెదరదు, కాని ఉష్ణోగ్రత సుమారు 900 డిగ్రీలు దాటితే, కట్టుబడి ఉన్న కార్బన్ డయాక్సైడ్ వాయువై స్వేచ్ఛగా పోవడం వల్ల పెరిగే ఎంట్రోపీ 178 కిలోజౌళ్ల ఖర్చును దాటిపోతుంది. అదే బంధం పెరట్లో నిలుస్తుంది, బట్టీలో తెగుతుంది. బంధానికి స్వతహాగా ఉన్న స్థిరత్వమంటూ లేదు, ఎంత వేడిలో, ఎటువంటి పరిసరాల్లో అన్నది చేర్చి చెప్పాలి.

మూడు రోజులకు గోడకు రెండు పూతలు పూర్తయ్యాయి. వేసినప్పుడు తడి సున్నం నీరసంగా, బూడిద రంగులో కనిపించింది, ఆరేకొద్దీ తెల్లబడింది. వేలితో రాస్తే ఇంకా పిండి అంటుతోంది. గాలిలో పది వేల పాళ్లకు నాలుగు పాళ్లు మాత్రమే ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను ఆ పూత నెమ్మదిగా పట్టుకుని, నీటిని వదిలి, తిరిగి సున్నపురాయిగా మారుతుంది. ఆ అడుగులో మోల్‌కు 113 కిలోజౌళ్లు వెలువడతాయి. నోట్‌బుక్‌లో అమ్మాయి 65 కింద 113 రాసి కూడి, 178 వచ్చిందని చూసి, పై పేజీకి తిప్పి బట్టీ దగ్గర రాసుకున్న అంకెతో సరిచూసుకుంది. తరువాత లేచి వెళ్లి గోడ మీద అరచేయి ఆనించి చాలాసేపు నిలబడింది. "వేడిగా లేదే మేడమ్" అంది. రావలసిన 113 వారాల తరబడి, కొంచెం కొంచెంగా, గాలిలోకి వెళుతోందని చెప్పాను.